రెండు కిలోల గింజలు.. ముప్ఫై మడులు

పాలు తగ్గాయంటే చాలు, పాడి ఉన్న ఇంట్లో అందరి చూపూ దాణా బస్తా మీదకే పోతుంది. చెక్క కాస్త పెంచుదామా, తౌడు మార్చి చూద్దామా అని చర్చ మొదలవుతుంది. పాల డబ్బులు చేతికొచ్చేసరికి అందులో పెద్ద వాటా దాణా అంగడి బాకీకే పోతుంది. అప్పుడు ఎవరో ఒకరు చెబుతారు.. 'బోరు కింద పాతిక సెంట్లు లూసర్న్ వేసుకోరాదూ, చెక్క ఖర్చు తగ్గుతుంది' అని.

సలహా మంచిదే. దాని వెంటే వచ్చే ప్రశ్న దగ్గరే చిక్కంతా. 'గింజలు ఎన్ని కిలోలు చల్లాలి?'

ఎకరాకు ఎనిమిది కిలోలు చాలంటాడు ఒకాయన. పదిహేను వేస్తే గడ్డి దట్టంగా వస్తుందంటాడు ఇంకొకాయన. అంగడివాడు ఇరవై అన్నా ఆశ్చర్యపోనక్కర్లేదు, అమ్ముకునేది ఆయనే కదా! ఇంటాయన ఎటూ తేల్చుకోలేక రెంటికీ మధ్యన ఓ లెక్క వేసుకుని చల్లేస్తాడు. మొదటి కోత పచ్చగా, ఒత్తుగా వస్తుంది. ఏడాది తిరిగేసరికి మడిలో చాపకు చిల్లులు పడ్డట్టు ఖాళీలు. రెండో ఏడు గరిక, తుంగ. 'విత్తనం మంచిది కాదు' అని తీర్పు చెప్పేసి దున్నేస్తారు. చాలాచోట్ల లూసర్న్ కథ ఇలాగే ముగుస్తోంది.

ఆ తీర్పు చాలాసార్లు తప్పు. మడిని చంపింది గింజ కాదు.. కొడవలి.

ఎందుకో చూసేముందు ఈ గడ్డి గొప్పతనం గురించి రెండు మాటలు. లూసర్న్ అన్నా, అల్ఫాల్ఫా అన్నా ఒకటే. మెంతికూరలా ఒక్కో రెమ్మకు మూడేసి ఆకులు, ఊదారంగు పూలు. పప్పుజాతి మొక్క. 'మేతల రాణి' అని పేరు. పక్కన తమిళనాట దీన్ని 'కుదిరై మసాల్' అంటారు. కుదిరై అంటే గుర్రం. పాత పర్షియన్ భాషలోనూ దీని పేరుకు అర్థం గుర్రాల మేత అనే. సైన్యాల గుర్రాలు తిని బలిసిన గడ్డి ఇప్పుడు పాల క్యాన్ల లెక్కలోకి వచ్చిందన్నమాట.

ఆ లెక్క ఇలా ఉంటుంది. ఒక ఆవుకు రోజుకు ఎనిమిది కిలోల పచ్చి లూసర్న్ వేస్తే, అందులో నీరు పోగా మిగిలే సారం కిలోన్నర పైచిలుకు. దానిలో ఇంచుమించు అయిదో వంతు మాంసకృత్తులే. అంటే 300 గ్రాముల మీదమాట. ముప్పావు కిలో వేరుశనగ చెక్కలో దొరికేది కూడా దాదాపు అంతే! వరిగడ్డిలో మాంసకృత్తులు నూటికి మూడు, నాలుగు పాళ్లకు మించవు. ఒక్క లూసర్నే కడుపునిండా పెట్టేస్తే పోలా అనుకుంటే మాత్రం ప్రమాదం. ఆకలి మీదున్న పశువు దీన్ని ఆబగా తింటే కడుపులో నురగ కట్టి పొట్ట ఉబ్బుతుంది, ప్రాణం మీదకు రావచ్చు. ముందు కాస్త వరిగడ్డో జొన్నచొప్పో పడేసి, కోసిన లూసర్న్‌ని కొన్ని గంటలు వాడనిచ్చి, అప్పుడు కలిపి వేయాలి. మంచు తడి మీద ఉన్న మడిలోకి పశువుల్ని తోలడం అసలే వద్దు.

గింజల లెక్క

ఇప్పుడు కిలోల సంగతి. లూసర్న్ గింజ చాలా చిన్నది. కిలోకు నాలుగున్నర లక్షల నుంచి అయిదు లక్షల దాకా ఉంటాయి. ఎకరాకు ఎనిమిది కిలోలు వేస్తే చదరపు అడుగుకు దాదాపు 90 గింజలు పడతాయి. ఇరవై కిలోలు వేస్తే 220కి పైనే. అడుగు పొడవు, అడుగు వెడల్పు చోటులో రెండొందల ఇరవై మొక్కలు! పెళ్లి బస్సులో జనం కూడా అంత ఇరుక్కుని కూర్చోరు.

మరి అవన్నీ ఏమవుతాయి? చచ్చిపోతాయి. సగం గింజలు మొలవకుండానే పోతాయి. మొలిచినవాటిలోనూ ఎక్కువ భాగం మొదటి ఏడాదిలోనే పక్కదాని నీడలో, పక్కదాని వేరుతో పోటీపడలేక రాలిపోతాయి. ఎక్కువ చల్లిన మడిలో చావులూ ఎక్కువే. ఏడాది, రెండేళ్లు గడిచేసరికి ఎనిమిది కిలోల మడీ, ఇరవై కిలోల మడీ ఇంచుమించు ఒకే సంఖ్యకు వచ్చి నిలబడతాయి. మూడో ఏడుకు అడుగుకు అయిదారు మొక్కలు మిగిలినా అది మంచి మడి కిందే లెక్క. ఎందుకంటే చోటు దొరికిన మొక్క ఊరుకోదు, మొదట్లోంచి పదేసి కాండాలు వేస్తుంది.

అందుకే లూసర్న్ మీద ఎంతో పరిశోధన చేసిన అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం వాళ్లు మొక్కల్ని లెక్కపెట్టడం మాని కాండాల్ని లెక్కపెట్టమన్నారు. చదరపు అడుగులో 55 కాండాలుంటే దిగుబడికి ఢోకా లేదు. 40కి తగ్గితే మడి మార్చుకునే ఆలోచన చేయాల్సిందే. అక్కడి చలి వేరు, రకాలు వేరు. అయినా లెక్కపెట్టాల్సింది కాండాల్నే అన్న మాట ఇక్కడికీ వర్తిస్తుంది. పెరట్లో పిల్లాడి చేతికి నాలుగు పుల్లలిచ్చి అడుగు చదరం గీయించి లెక్కపెట్టించవచ్చు. ఆదివారం పూట వాడికీ కాలక్షేపం.

ఎక్కువ గింజల వల్ల లాభం అసలు లేదా అంటే, కొద్దిగా ఉంది. మొదటి కోత కాస్త ఎక్కువ వస్తుంది, కలుపు కొంత అణుగుతుంది. ఆ ఒక్క కోత చూసే 'పదిహేను కిలోలు వేశాను చూడు, ఎలా వచ్చిందో' అని మురిసిపోతారు. తర్వాతి ఇరవై కోతల్లో ఆ తేడా కనపడదు.

అలాగని పొదుపు పేరుతో మూడు, నాలుగు కిలోలతో సరిపెట్టడమూ ముప్పే. లూసర్న్ మొదటి నలభై, యాభై రోజులు నత్తనడకన పెరుగుతుంది. ఆ సమయంలో మధ్యలో ఖాళీ కనపడితే కలుపు వచ్చి కూర్చుంటుంది. 'తర్వాత ఆ ఖాళీల్లో మళ్లీ గింజలు చల్లుదాంలే' అనుకుంటే అది జరిగే పని కాదు. ముదిరిన లూసర్న్ తన చుట్టూ మట్టిలో తన జాతి గింజలకే గిట్టని పదార్థాల్ని వదులుతుంది. అమెరికాలోనే మిస్సోరిలో జరిగిన పరిశోధనల్లో, పాత మొక్కకు 8 అంగుళాల లోపు పడిన గింజలు బతికి బట్టకట్టలేదు. 16 అంగుళాల లోపు మొలిచినవి బతికినా గిడసబారిపోయాయి, తర్వాతి ఏళ్లలోనూ కోలుకోలేదు. అత్తాకోడళ్ల సామెతలన్నీ ఈ మొక్కను చూసే పుట్టాయేమో అనిపిస్తుంది!

కాబట్టి గింజ విషయంలో ఒక్కసారే అవకాశం. దాన్ని కిలోలు పెంచి కాకుండా నేల తయారీతో కాపాడుకోవాలి. మెత్తటి దుక్కి, చదునైన మడి, అక్టోబరు-నవంబరు నెలల్లో విత్తడం, అడుగు ఎడంలో సాళ్లు, సెంటీమీటరు, మహా అయితే ఒకటిన్నర లోతు. అంతకంటే లోతుకు వెళ్తే అంత చిన్న గింజకు పైకి వచ్చే బలం ఉండదు. రాత్రి నానబెట్టి, లూసర్న్‌కే ప్రత్యేకించిన రైజోబియం కల్చర్ పట్టించి, పొడి ఇసుకతో కలిపి సాళ్లలో పోస్తే ఎకరాకు ఆరు నుంచి ఎనిమిది కిలోలు చాలు. వెదజల్లితే ఎనిమిది నుంచి పది. వేరుశనగకు వాడే కల్చర్ మిగిలింది కదా అని దీనికి పట్టిస్తే పనిచేయదు, బ్యాక్టీరియా రకం వేరు.

కిలోల కంటే ఎక్కువగా పట్టించుకోవాల్సింది సంచిలో లూసర్న్‌తోపాటు ఇంకేముందన్నది. బంగారు తీగ తెలుసుగా? పచ్చటి పైరు మీద పసుపు దారాలు పరిచినట్టు అల్లుకునే తీగ. లూసర్న్‌కు అది యముడు. దాని గింజలు లూసర్న్ గింజల్లో కలిసే వస్తాయి. ఒకసారి నేలలో పడితే ఏళ్ల తరబడి మొలుస్తూనే ఉంటాయి. పశువు తిన్నా అరగవు, పేడతో మళ్లీ పొలానికే చేరతాయి. ధ్రువీకరించిన విత్తనానికి పెట్టే నాలుగు డబ్బులు అందుకే దండగ కాదు. ఏళ్లపాటు ఉంచుకునే ఉద్దేశం ఉంటే టి-9, ఆర్‌ఎల్-88, కో-1 లాంటి బహువార్షిక రకాల్ని అడిగి తెచ్చుకోవాలి. మడిలో ఎక్కడైనా పసుపు దారం కనిపిస్తే పూత రాకముందే ఆ చుట్టూ రెండడుగుల మేర లూసర్న్‌తో సహా కోసి తగలబెట్టేయాలి.

వేరులో గాదె

ఇక కొడవలి దగ్గరకు వద్దాం.

లూసర్న్ కోసిన మర్నాడు మడిలో ఏం మిగులుతుంది? మోళ్లు. ఆకు లేదు. ఆకు లేనిదే ఆహారం తయారవదు. మరి కొత్త చిగురు దేంతో వస్తుంది? తల్లివేరులో దాచుకున్న పిండిపదార్థంతో. వేరు ఈ మొక్కకు గాదెలాంటిది. కోసిన తర్వాత ఇంచుమించు రెండు వారాలు గాదెలోంచి తీసి తినడమే తప్ప లోపల వేసేదేమీ ఉండదు. చిగుళ్లు జానెడు ఎత్తుకు వచ్చి, ఆకులు పరుచుకున్నాక అప్పుడు లెక్క తిరగబడుతుంది. అక్కడి నుంచి పూత మొదలయ్యేదాకా వేరులోకి మళ్లీ నిల్వ చేరుతుంది.

ఇప్పుడు ఇంట్లో పరిస్థితి చూడండి. రెండు గేదెలు, రెండు సంకరజాతి ఆవులు. వరిగడ్డి వాము తరిగిపోయింది. జొన్నచొప్ప దొరకడం లేదు. దూడ అరుస్తోంది. మడిలో లూసర్న్ మోకాలి కిందికే ఉన్నా నవనవలాడుతోంది. గడ్డి కోసేది సాధారణంగా ఇంటావిడే. ఆమె గంప పట్టుకుని వెళ్లి, ఇవాళ్టికి ఇక్కడ కాస్త, అక్కడ కాస్త అని కోసుకొస్తుంది. ఆమెను తప్పుపట్టలేం. కళ్ల ముందు పశువు ఆకలి కనపడుతుంది, వేరులో నిల్వ కనపడదు.

ఇరవై రోజులకోసారి ఇలా కోస్తే మొదట తేడా తెలియదు. పైగా గడ్డి లేతగా ఉండి పశువులు ఇష్టంగా తింటాయి, పాలు కూడా బాగానే ఇస్తాయి. నాలుగైదు కోతలయ్యాక చిగుళ్లు సన్నబడతాయి. ఒక్కో మొక్కకు పది కాండాలు రావాల్సింది నాలుగు వస్తాయి. గాదె ఖాళీ అయిన మొక్క తొలకరి తడికే వేరుకుళ్లు తెచ్చుకుంటుంది. ఎనిమిది కిలోలు చల్లినా, ఇరవై కిలోలు చల్లినా ఈ మడి ముగింపు ఒకటే.

మరీ ఆలస్యం చేసినా నష్టమే. పూత పూర్తిగా విచ్చుకునేదాకా ఆగితే బరువు పెరుగుతుంది గానీ పెరిగేది కాడ. మాంసకృత్తుల్లో సుమారు మూడింట రెండొంతులు ఆకులోనే ఉంటాయి, ఆ ఆకు కింది నుంచి రాలిపోతుంటుంది. పశువు కాడల్ని వదిలేసి పైపైన తింటుంది.

మరి సరైన సమయమేది? విత్తాక మొదటి కోతకు తొందరపడకూడదు, రెండు నెలల పైమాటే. వేరు నిలదొక్కుకునేది అప్పుడే. ఆ తర్వాత పాతిక నుంచి ముప్ఫై అయిదు రోజులకోసారి, కాలాన్ని బట్టి. పదింట ఒక మొక్కకు పువ్వు కనపడటం అన్నిచోట్లా చెప్పే గుర్తు. పూత సరిగా రాని కాలంలో ఇంకో గుర్తుంది. వంగి, మొక్క మొదలు విడదీసి చూడాలి. నేలను ఆనుకుని అంగుళం ఎత్తున కొత్త పిలకలు కనిపిస్తే మొక్క కోతకు సిద్ధమైనట్టు. నేలకు మూడు, నాలుగు అంగుళాలు వదిలి కోస్తే ఆ పిలకలు కొడవలికి తగలవు. నేలమట్టంగా గీకేసినట్టు కోస్తే వచ్చే నెల గడ్డిని కూడా ఇవాళే కోసేసినట్టు.

పాతిక సెంట్ల లెక్క

ఇంత తెలిసినా రేపు పొద్దున్నే దూడ అరవక మానదు. కాబట్టి లెక్క విత్తేముందే వేసుకోవాలి.

బాగా చూసుకుంటే ఎకరాకు ఒక్కో కోతకు నాలుగు టన్నుల దాకా పచ్చిమేత వస్తుంది. పాతిక సెంట్లలో, అంటే తెలంగాణ లెక్కలో పది గుంటల్లో, టన్ను. నాలుగు పశువులకు ఎనిమిదేసి కిలోల చొప్పున రోజుకు 32 కిలోలు. నెలకు 960. సరిగ్గా సరిపోయింది! ఆ పాతిక సెంట్లను ముప్ఫై మడులు చేస్తే ఒక్కోటి 12 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు వస్తుంది. రోజుకొక మడి. అంతకు మించి ఒక్క పిడికెడు కోయకూడదు. ఇవాళ కోసిన మడి మళ్లీ ముప్ఫై రోజులకు గానీ వంతుకు రాదు. గింజలు రెండు, రెండున్నర కిలోలు సరిపోతాయి. ఏ మడి ఏ తేదీన కోశారో గోడ మీది క్యాలెండర్లో రాసుకుంటే ఇంట్లో ఎవరు కొడవలి పట్టినా పొరపాటు జరగదు.

వేసవిలో, ముసురు పట్టినప్పుడు ఈ లెక్క తప్పుతుంది. ముప్ఫయ్యో రోజుకూ పిలకలు కనపడవు. అసలు పరీక్ష అప్పుడే. ఆ నాలుగైదు రోజులు మడి జోలికి వెళ్లకుండా ఉండాలంటే పశువుకు పెట్టడానికి ఇంకేదైనా ఉండాలి. గట్ల వెంబడి, పశువుల కొట్టం నీళ్లు పారేచోట నాలుగు సాళ్లు హైబ్రిడ్ నేపియర్ పెట్టుకున్న ఇంట్లోనే లూసర్న్ మూడేళ్లు బతుకుతుంది. నాలుగు పశువులకు పాతిక సెంట్లే ఉండి, అయిదో పశువును కొనే ముందు కూడా ఈ లెక్కే చూసుకోవాలి. చాలామంది ముందు పశువును తోలుకొచ్చి తర్వాత మడి వైపు చూస్తారు!

మడుల పద్ధతిలో ఇంకో సుఖం నీటిది. కోసిన మడికి రెండు రోజులాగి తడి ఇస్తే చాలు, మొత్తం పొలం ఒకేసారి పారించే పనిలేదు. చలికాలంలో రెండు, మూడు వారాలకో తడి, వేసవిలో ఎనిమిది, పది రోజులకు ఒకటి. నీరు పారాలి తప్ప నిలవకూడదు. మండుటెండలో మడిలో నీళ్లు నిలిస్తే వేర్లు ఉడికినట్టయి మొక్కలు మాడిపోతాయి. నల్లరేగడిలో మురుగు పోయే దారి లేనిచోట ఈ పంట వద్దనడమే మేలు. తడి ఆరని మడిలో నడవడం, పశువుల్ని దించడం కూడా కూడదు. పిలకలు పుట్టే మొదలు కాళ్ల కింద చితికిపోతుంది.

ఎరువు విషయంలో ఒక దురలవాటుంది. ఆకు కాస్త పాలిపోతే యూరియా చల్లేస్తారు. వేరు బుడిపెల్లో బ్యాక్టీరియా ఉన్న పప్పుజాతి మొక్క గాలిలోని నత్రజనిని తానే తెచ్చుకుంటుంది. మొలిచిన తొలి రోజులకు కొద్దిగా ఇస్తే చాలు. యూరియా పోస్తే బాగుపడేది పక్కనున్న గరిక! ఈ మొక్క నేలలోంచి అసలు లాగేది పొటాష్‌ను. పాతిక సెంట్లలో ఏడాదికి ఎనిమిది టన్నుల పచ్చిమేత తీస్తే దాంతోపాటు 30 నుంచి 40 కిలోల పొటాష్ పొలం దాటిపోతుంది. భాస్వరం అంత కాకపోయినా తప్పనిసరి. ఆ పొటాష్ ఎక్కడికీ పోదు, చాలావరకు పశువు మూత్రంలోనే బయటకొస్తుంది. కొట్టంలో మూత్రాన్ని సిమెంటు గచ్చు మీది నుంచి వీధి కాలువలోకి వదిలి, తర్వాత బస్తా పొటాష్ కొనుక్కొచ్చే ఇళ్లు ఎన్నో. కొట్టం కాలువను ఎరువు గుంతకు మళ్లించి, బాగా మాగిన ఎరువును ఏడాదికోసారి సాళ్ల మధ్య వేస్తే కొనాల్సింది చాలా తగ్గుతుంది. భూసార పరీక్ష చేయిస్తే మిగతాది ఎంత కావాలో తెలుస్తుంది.

మూడేళ్లో, నాలుగేళ్లో గడిచాక పుల్లలతో గీసిన అడుగు చదరంలో కాండాలు నలభై లోపుకు వస్తాయి. అప్పుడు దున్నేయాల్సిందే. వెంటనే అదే మడిలో కొత్త గింజలు వేస్తే పాత వేర్ల విషం కొత్త మొలకకు తగులుతుంది. ఏడాదిపాటు అక్కడ జొన్నో మొక్కజొన్నో వేయాలి. లూసర్న్ వదిలివెళ్లిన నత్రజనితో ఆ చొప్ప ఏపుగా వస్తుంది. కొత్త లూసర్న్‌కు చోటు ఇంకోచోట చూసుకోవాలి. అది కూడా పాత మడి దున్నడానికి ముందే, అంటే ఆ ముందటి అక్టోబరులోనే, బోరు కాలువకు అవతలి పక్క రెండు కిలోల గింజలతో మొదలుపెట్టాలి. కొత్త మడి తొలి కోతకు వచ్చేదాకా పాత మడి మేత ఇస్తూనే ఉంటుంది.